బొమ్మలు చదివిన కండక్టరు

ముప్పై రెండేళ్లు బస్సులో "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని అరిచిన మనిషి రిటైరై ఇంట్లో కూర్చుంటే ఎలా ఉంటుందో ముందుగా తెలిసొచ్చింది ఆయన భార్యకే. ఆమె వంటింట్లో డబ్బాలు సర్దుకుంటుంటే ఆయన వెనకాల నిలబడి ఏ డబ్బా ఎక్కడ ఉండాలో చెప్పేవాడు. నెల తిరక్కముందే ఆమె లైబ్రరీ కార్డొకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"పొద్దున్నే వెళ్లి భోజనం వేళకి రండి. నామీద దయ ఉంటే ఇంకాస్త ఆలస్యంగా రండి."

లైబ్రరీలో గొంతు తగ్గించడం ఆయన వల్ల కాలేదు. మూడోరోజు తనకు తెలియకుండానే పేపరు పైకి చదివేశాడు. లైబ్రేరియన్ లేచి వచ్చింది. బయటికి పొమ్మంటుందనుకుని ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"మీ గొంతుకి తగిన పనొకటి ఉంది, వస్తారా?" అని అడిగిందామె.

వెనక గదిలో పాత పత్రికల కట్టలు, ఒక బల్ల, రెండు కుర్చీలు. ఒక కుర్చీలో ఇరవై ఏళ్ల అమ్మాయి కూర్చుని ఉంది, ఒళ్లో మడతపెట్టిన తెల్లకర్ర. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. ఫిజియోథెరపీ కోర్సులో చేరింది. శరీర నిర్మాణం మీద పుస్తకం తొమ్మిది వందల పేజీలు. ఎవరైనా చదివిపెట్టాలి. రోజుకు రెండు గంటలు, జీతం లేదు.

"ఒక్క చాప్టరు చదివి చూడండి బాబాయ్. కుదరకపోతే మానేద్దురుగాని," అంది ఆ అమ్మాయి.

ఒక్క చాప్టరే కదా అని ఆయన కూర్చున్నాడు. మొదటి పేజీలోనే నోరు తిరగడం మానేసింది. మెడలో ఒక కండరం ఉంది, దాని పేరు స్టెర్నోక్లైడోమాస్టాయిడ్. ఆయన స్టెర్నో దగ్గర ఒకసారి, క్లైడో దగ్గర ఒకసారి ఆగి, ఊపిరి తీసుకుని మిగతాది అన్నాడు.

"బాబాయ్, అన్ని స్టేజీల్లోనూ ఆపకండి. అది ఎక్స్‌ప్రెస్," అని ఆమె నవ్వింది.

ఆయనకు రోషం వచ్చింది. ఇంటికి వెళ్లి స్నానం చేస్తూ ఆ పేరు వల్లె వేశాడు. "ఎవర్ని తిడుతున్నారండీ?" అని భార్య తలుపు తట్టింది.

మూడు నెలల్లో రెండు వందల పేజీలు అయ్యాయి. తర్వాత గొంతు పూర్తిగా పోయింది. పదిరోజులు మాట్లాడొద్దన్నాడు డాక్టరు. పెళ్లయ్యాక ఇంట్లో తనకు నోరుతెరిచే అవకాశం వచ్చిన మొదటి పదిరోజులు అవేనని భార్య పొరుగావిడకు చెప్పింది. పదకొండోరోజు లైబ్రేరియన్ ఫోన్ చేసింది. కొత్త కంప్యూటరు వచ్చిందట. పుస్తకం ముందు పెడితే చాలు, అదే చదివేస్తుందట.

"ఇంక మీరు శ్రమపడక్కర్లేదండి. చాలా చేశారు," అంది.

బరువు దించినట్టు ఉండాలి. ఆయనకు అలా అనిపించలేదు. నాలుగురోజులు ఇంట్లో కూర్చున్నాడు, మళ్లీ డబ్బాల జోలికి పోయాడు. ఐదోరోజు భార్యే చెప్పులు తెచ్చి ముందు పెట్టింది.

వెనక గదిలో కంప్యూటరు చదువుతోంది. ఎక్కడా తడబాటు లేదు, దగ్గు లేదు. ఆయన గుమ్మంలో నిలబడి విన్నాడు. తనకంటే బాగా చదువుతోందని ఒప్పుకున్నాడు. ఇంతలో అది "ఆరో అధ్యాయం, పద్నాలుగో బొమ్మ చూడండి" అని, ఒక్క క్షణం కూడా ఆగకుండా తర్వాతి వాక్యంలోకి వెళ్లిపోయింది. అమ్మాయి ముఖంలో ఏ మార్పూ లేదు.

తానూ అంతే చేశాడు. రెండు వందల పేజీల్లో బొమ్మ వచ్చిన ప్రతిచోటా "చూడండి" అని చదివి పేజీ తిప్పేశాడు.

"అమ్మా, బొమ్మలున్నాయి కదా, నన్నెప్పుడూ అడగలేదేం?"

ఆమె కంప్యూటరు ఆపింది. "మాటలకే మీ గొంతు అరిగిపోతోంది. బొమ్మలు కూడా ఏం అడుగుతాను బాబాయ్?"

ఆయన కుర్చీ లాక్కుని పుస్తకం తన వైపు తిప్పుకున్నాడు. భుజం కీలు బొమ్మ అది. చాలాసేపు చూశాడు.

"పిడికిలి తీసుకెళ్లి గరిటెలో పెట్టినట్టుంది. గరిటెకి లోతు లేదు. పిడికిలి జారిపోవాలి నిజానికి. కానీ చుట్టూ నాలుగు కండరాలు పట్టుకున్నాయి. ఫుట్‌బోర్డు మీద వేలాడేవాణ్ణి నలుగురు లోపలికి లాగి పట్టుకోరూ, అలా."

ఆమె తన భుజం మీద చెయ్యి వేసుకుని, మోచేతిని నెమ్మదిగా తిప్పింది. "ఇంకోసారి చెప్పండి," అంది.

పుస్తకంలో మొత్తం నాలుగు వందల పన్నెండు బొమ్మలు. ఆయన మొదటి పేజీకి వెనక్కి వెళ్లాడు. చదవడం దీనిముందు పిల్లలాట. చదివేటప్పుడు అర్థం కాకపోయినా బండి నడిచింది. అర్థం కానిదే బొమ్మ చెప్పడానికి నోరు పెగలదు. చేతి నరాల బొమ్మ ఒక్కటే మూడురోజులు పట్టింది. ఎంత చెప్పినా ఆమె చిక్కుపడిపోతుంటే, ఆయన అట్టముక్క మీద దారాలు అతికించి తీసుకెళ్దామని ఇంట్లో కూర్చున్నాడు.

"ఎర్రదారం నరానికి వద్దు, రక్తనాళానికి ఉంచండి," అంది భార్య, కుట్టుపెట్టె తెచ్చి పక్కన కూలబడుతూ.

"ఆ పిల్లకి రంగు కనబడదు కదే."

"మీకు కనబడుతుందిగా. కలగాపులగం చేసి చెప్పేది మీరే."

ఒకరోజు విరామంలో ఆయన అడిగాడు. "ఇంత కష్టమైన చదువు చదవమని నీకెవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదు. ఇంట్లోవాళ్లు సంగీతం నేర్చుకోమన్నారు. కళ్లు లేకపోతే గొంతు బావుంటుందని వాళ్ల నమ్మకం. నా పాట వింటే మీరు ఈ గదిలోంచి పారిపోతారు." ఆమె నవ్వింది. "కొన్ని నా నెత్తిన వచ్చిపడ్డాయి బాబాయ్, వాటినెలాగూ మోయాలి. ఇది నేను కోరి ఎత్తుకున్నది. బరువే, కానీ దీన్ని మోస్తుంటే నా కాళ్లమీద నేను నిలబడ్డట్టు ఉంటుంది. మరి మీరెందుకు వస్తున్నారు?"

"మా నాన్న డిపోలో చేసేవాడు. ఖాళీ ఉందన్నాడు, ఎక్కాను. ముప్పై రెండేళ్లయ్యాక దిగమన్నారు, దిగాను. కంప్యూటరు వచ్చాక ఇక్కడికి మాత్రం నన్నెవరూ రమ్మనలేదు. పైగా వద్దన్నారు కూడా," అని ఆయన తర్వాతి బొమ్మ తీశాడు.

పద్నాలుగు నెలలకు బొమ్మలు అయిపోయాయి. ఆమె పరీక్ష రాసి ఆ ఒక్క సబ్జెక్టే తప్పింది. ఫలితం చెబుతున్నప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది. ఆయన మాత్రం ఆ పూట అన్నం సరిగా తినలేదు. తాను ఏ బొమ్మ తప్పు చెప్పాడోనని పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మర్నాడు మామూలు వేళకే లైబ్రరీకి వెళ్తే ఆమె అప్పటికే వచ్చి ఉంది.

"ఎక్కణ్ణుంచి?" అన్నాడు.

"మొదట్నుంచీ," అంది.

ఆరు నెలల తర్వాత రెండోసారి రాసినప్పుడు పాసయింది. గొప్ప మార్కులేమీ కావు. ఆ కబురు చెప్పడానికి ఆమె ఫోన్ చేసినప్పుడు ఆయన భోజనాల బల్ల దగ్గర వచ్చే ఏడాది ఆ కోర్సులో చేరబోయే చూపులేని మరొకరి కోసం పాదం ఎముకల ఆకారాలు కత్తిరించి అట్ట మీద అతికిస్తున్నాడు. జిగురు ఇంకా ఆరలేదు, వేలు తీస్తే ఎముక కదిలిపోతుంది. భార్యే ఫోను పట్టుకొచ్చి ఆయన చెవికి ఆనించి, మాట్లాడడం అయ్యేదాకా అలాగే నిలబడింది.