పెట్టెలో పెద్దమనిషి

పొద్దున్నే పళ్ళు తోముకోకముందే అల్లుడు చేసే మొదటి పని మామగారి కారు స్టార్ట్ చేయడం. ఇంజిన్ ఒక్క దెబ్బకి అందుకుంటే వంటింటి కిటికీలో ఉన్న భార్యకి చెయ్యి ఊపేవాడు. ఆవిడ వెళ్ళి తండ్రిని లేపేది. కారు మొరాయిస్తే మటుకు ముసలాయన్ని ఇంకాసేపు పడుకోనిచ్చేవాళ్ళు. ఇరవై రెండేళ్ళు ఒకే బండి, ఒకే చెయ్యి. మనిషీ బండీ ఒకటైపోయారు. వీధిలో ఎవరికీ ఇదేమంత వింత కాదు. మొన్నామధ్య ఒంట్లో బాగోలేదని తీసుకెళ్తే డాక్టరు కూడా నాలుక చూసి, రక్తపోటు చూసి, "ముందు బండి చూపించండి, తర్వాత నా దగ్గరికి తీసుకురండి" అని పంపేశాడు.

చూపించడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. అల్లుడు కార్లలో కరెంటు పని చేసేవాడే, అందులో పేరున్నవాడే. పిల్లనిచ్చిన మామ మాత్రం ఆ పేరు ఒక్కనాడూ ఒప్పుకోలేదు. పెళ్ళి చూపుల నాటి నుంచీ "ఏమయ్యా స్పానరూ" అనే పిలుపు. మొదట్లో అల్లుడికి ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత ఆ పిలుపు వినపడని రోజున ఏదో వెలితిగా ఉండేది.

జబ్బు ఎండాకాలంలో బయటపడింది. రోడ్డు మీద తారు కరుగుతుంటే ముసలాయన స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని వణికిపోయేవాడు. తిని చెయ్యి కడుక్కున్న అరగంటకే "ఈ కొంపలో తిండి పెట్టరా?" అని రంకెలు. అల్లుడు స్కానర్ తగిలించి చూస్తే, ఇంజిన్ వేడి సున్నాకి నలభై డిగ్రీలు కిందని చూపించింది. మంచులో ఉన్నాననుకుని కారు పెట్రోలు తెగ తాగేస్తోంది. వేడి కొలిచే సెన్సార్ పోయిందనుకుని కొత్తది వేశాడు. మూడు రోజులు బాగుంది, నాలుగో రోజు ముసలాయన మళ్ళీ దుప్పటి అడిగాడు. గాలి కొలిచేది మార్చాడు. కాలి పెడల్ దగ్గరిది మార్చాడు.

"నువ్వు చొక్కాకి గుండీలు మారుస్తున్నావయ్యా స్పానరూ," అన్నాడు మామ దుప్పట్లోంచి. "జ్వరం లోపలుంది."

ఆ మాట నిజమని ఒప్పుకోవడానికి అల్లుడికి నెల పట్టింది. ఇంజిన్ కంప్యూటర్ నుంచి సెన్సార్లకి అయిదు వోల్టులు వెళ్ళాలి. మీటర్ మూడున్నర దగ్గర ఊగుతోంది. ఏదో ఒక సెన్సార్ లాగేస్తోందేమోనని ఒక్కో ప్లగ్గూ పీకి చూశాడు. పీకినప్పుడల్లా వరండాలోంచి "అబ్బా" అని వినిపించింది. అన్నీ పీకేసినా మూడున్నరే. కంప్యూటర్‌కి వచ్చే కరెంటు బాగుంది, ఎర్త్ బాగుంది. ఇక మిగిలింది ఆ కంప్యూటర్ పెట్టె ఒక్కటే.

అది తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఇంజిన్ నడుస్తుండగా జుట్టు ఆరబెట్టుకునే మెషీన్‌తో పెట్టెకి వేడిగాలి పట్టాలి; లోపల చెడి ఉంటే ఆ వేడికి బయటపడుతుంది. భార్యని తండ్రి పక్కన కూర్చోబెట్టి, "ఏదో ఒకటి అడుగుతూ ఉండు" అన్నాడు.

"నాన్నా, మన పాత ఇంటి తలుపుకి ఏం రంగు?"

"ఆకుపచ్చ. మీ అమ్మ ఎంపిక. దరిద్రపు రంగు."

"నన్ను బడిలో ఎవరు దింపేవాళ్ళు?"

"నేనే. రోజూ ఆలస్యమే, నీ జడలు తెమిలేవి కాదు."

పెట్టె వేడెక్కింది. ఇంజిన్ ఒకసారి తడబడింది.

"నేనెవర్ని నాన్నా?"

ముసలాయన ఆవిడ ముఖం వంక చూశాడు, పెదవులు కదిపాడు, మాట రాలేదు. "ఆపండి!" అని ఆవిడ అరిచింది. అల్లుడు ఆపేశాడు. తెలియాల్సింది తెలిసిపోయింది.

పెట్టె విప్పి చూస్తే లోపల బోర్డు మీద తెల్లగా, పచ్చగా పొక్కులు. నీళ్ళు దిగాయి. ముందు అద్దం కింద, వైపర్ల పక్కన ఉంటుంది ఆ పెట్టె. పైన ఒక రబ్బరు పట్టీ ఉండాలి. పోయిన వానాకాలం వైపర్ మోటార్ బాగు చేసింది అల్లుడే. పట్టీ చిరిగి ఉంటే తీసి పక్కన పడేసి, రేపు కొత్తది వేద్దామనుకున్నాడు. ఊరందరి బండ్లకీ ఆ పట్టీ వేసినవాడు ఇంటి బండికి మర్చిపోయాడు.

దాచుకుందామనుకున్నాడు గానీ మనసొప్పలేదు. భార్యకి చెప్పేశాడు. ఆవిడ తిట్టలేదు. "నాన్నతో మాత్రం అనకండి, ఎగతాళి చేసే ఓపిక ఆయనకి లేదిప్పుడు," అంది. తర్వాత రెండు రోజులు అతను భుజం మీద చెయ్యి వేస్తే తోసేసింది. తిట్టి ఉంటే బాగుండేదని అతను కుమిలిపోయాడు.

బోర్డుని స్పిరిట్‌తో కడిగాడు, బ్రష్‌తో గీకాడు, తెగిన గీతలకి సన్నని తీగలు అతికాడు. పైకి కనిపించేవి అతికినా లోపలి పొరల్లోవి తినేసి ఉన్నాయి. తాళం తిప్పి ఆపితే ఏమీ కాదు గానీ, ఆ వారం అతను కారు తీసుకుని వెళ్తుంటే నాలుగు రోడ్ల దగ్గర దానంతటదే ఆగిపోయింది. ఇంట్లో ముసలాయన కుర్చీలోంచి ఒరిగిపోయాడు, ఊపిరి లేదు. దారినపోయేవాళ్ళు కారుని తోస్తే ఇంజిన్ అందుకునేదాకా ఊపిరి రాలేదు. "ఇంకోసారి ఆగితే లేవడు," అన్నాడు డాక్టరు.

కొత్త పెట్టెలు కంపెనీ చేయడం మానేసి చాలాకాలమైంది. దొరికినా ఖాళీది పెడితే మనిషీ ఖాళీగానే లేస్తాడు. అల్లుడు చెప్పులరిగేలా తిరిగితే, చివరికి పాత కార్లు విప్పి అమ్మే ఆవిడ దగ్గర సరిగ్గా అదే నంబర్ది దొరికింది. తాళంచెవీ, తాళంచెవిని గుర్తుపట్టే రింగూ కూడా కలిపి ఇచ్చింది. అవి లేకపోతే బండి రెండు క్షణాలు నడిచి ఆగిపోతుంది.

"ఇందులో ఒకాయన ఉన్నాడు, చూసుకుని తీసుకో," అంది. "నెమ్మదస్తుడు. బండిని ఏనాడూ విసుక్కోలేదు. ఆయన పోయాక ఇంట్లోవాళ్ళు బండిని చూస్తూ ఉండలేక అమ్మేశారు."

పాతదాంట్లో ఉన్నది ఇందులోకి ఎక్కించాలని రెండు రోజులు చూశాడు. చిప్ చదవడం ప్రతిసారీ సగంలోనే ఆగిపోయింది. చివరికి చేతులెత్తేసి భార్య ముందు కూర్చున్నాడు.

"ఇది పెడితే బతుకుతాడా?" అంది.

"బతుకుతాడు."

"మనల్ని గుర్తుపడతాడా?"

అతను తల దించుకున్నాడు. "పెట్టేయండి," అంది. "ఎక్కడో ఒకచోట ఊపిరి పీలుస్తూ ఉంటే చాలు."

మర్నాడు పొద్దున ఆవిడ వరండాలో తండ్రి చెయ్యి పట్టుకుని కూర్చుంది. అల్లుడు బానెట్ ఎత్తాడు.

"ఏమయ్యా స్పానరూ," అన్నాడు ముసలాయన అక్కణ్ణుంచే. "ముందు బ్యాటరీ తీగ తియ్యి. లేకపోతే కొత్తదీ తగలెడతావు. నీ సంగతి నాకు..."

"తీస్తున్నాను మామయ్యా," అని తీగ తీశాడు. ముసలాయన మాట మధ్యలో కళ్ళు మూసుకున్నాడు.

నాలుగు బోల్టులు, రెండు ప్లగ్గులు. పావుగంట పని. ఆ పావుగంటలో అల్లుడు రెండుసార్లు స్పానర్ జారవిడిచాడు. బ్యాటరీ తీగ తగిలించి తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది. ఇన్నేళ్ళలో ఆ కారు అంత మెత్తగా నడవడం అతను వినలేదు. వేడి సరిగ్గా చూపిస్తోంది, అయిదు వోల్టులకి అయిదు వోల్టులూ ఉన్నాయి. పని ఇంత బాగా కుదిరినందుకు అతనికి ఏడుపొచ్చింది.

ముసలాయన లేచి కూర్చున్నాడు. స్వెట్టర్లు విప్పి, దుప్పటి నాలుగు మడతలు పెట్టి పక్కన ఉంచాడు.

"కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా అమ్మా?" అన్నాడు.

ఆవిడ లోపలికి పరుగెత్తింది. నీళ్ళతో వచ్చేసరికి ఆయన అల్లుడి నల్లటి చేతులకేసి జాలిగా చూస్తున్నాడు. "మీరు చాలా శ్రమపడినట్టున్నారు. ఇంట్లో ఎదురుచూస్తుంటారు, ఇక నేను బయల్దేరతాను."

వాళ్ళిద్దరూ ఆయన వెంటే కారు దాకా నడిచి, వెనక సీట్లో కూర్చున్నారు. ఆయనే నడిపాడు. ప్రతి మలుపులోనూ ఇండికేటర్ వేశాడు, ఎవరి మీదా హారన్ కొట్టలేదు. వాళ్ళు ఎన్నడూ చూడని వీధిలోకి తిప్పి, మేడమెట్లు బయటికి ఉన్న ఒక ఇంటి ముందు, గోడకి జానెడు దూరంలో ఆపాడు.

ఇంజిన్ చప్పుడుకే లోపల్నుంచి ఒక పెద్దావిడ వచ్చేసింది. ఆయన ముఖం చూడలేదు. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి, అలాగే నిలబడి విన్నది.

"ఆలస్యమైంది, ఏమనుకోకు," అన్నాడు ఆయన.

"లోపలికి రండి," అంది ఆవిడ. ఆ తర్వాత కూతురి వైపు తిరిగి మెల్లిగా అడిగింది. "మందులేమైనా వేసుకుంటారా అమ్మా?"

కూతురు అన్నీ చెప్పింది. పొద్దున తెల్లమాత్ర, సాయంత్రం సగం పచ్చది, ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే ఆయాసం, కళ్ళజోడు ఎక్కడ పెడితే అక్కడ మర్చిపోవడం. ఆవిడ ఒక్కోదానికీ తలూపింది. చెప్పడానికి ఇంకేమీ మిగలని చోట కూతురు ఆగిపోయింది. అల్లుడు భార్య భుజం మీద చెయ్యి వేశాడు. ఈసారి ఆవిడ తోసెయ్యలేదు.

సాగనంపడానికి ఆయన గేటు దాకా వచ్చాడు. మర్యాద తెలిసిన మనిషి.

"మీ నాన్నగారు ఉన్నారా అమ్మా?" అన్నాడు.

"ఉన్నారండీ," అంది.

"అడిగానని చెప్పండి."

"అలాగేనండీ," అంది కూతురు. "చెప్తాను."