దారంతో కట్టిన కాపు

"నువ్వే కట్టు. నీ ముడి సన్నగా ఉంటుంది, కనబడదు," అన్నాడు భర్త, సంచీ ఆమె చేతికిస్తూ.

సంచీలో రెండు కిలోల టమాటాలు, కిలో వంకాయలు, వాటిమీద ఆకుపచ్చ దారపుండ. అన్నీ బజారువి. ఆదివారం పూట పొద్దున్నే లేచి చొక్కా తొడుక్కుని బయల్దేరితే ఎందుకో అనుకుంది. పెరట్లో తోట వేసిన ఈ ఆరేళ్ళలో ఎండాకాలం ఆ ఇంటి గడప దాటి బజారు టమాటా రావడం ఇదే మొదలు.

సాయంత్రం అతని ఆఫీసు పెద్ద సారూ, ఆయన భార్యా తోట చూడటానికి వస్తున్నారు. వేసవి పొడుగునా ప్రతి సోమవారం ఒక బుట్ట సారు బల్లమీదికి వెళ్ళింది. "మా తోటలోవి సార్" అని మొదలైనది ఎప్పుడో "నా తోటలోవి" అయింది. ఆ సంగతి ఆమెకు తెలిసింది సారు భార్య ఫోన్ చేసినప్పుడే. "మీవారికి ఎంత ఓపికండీ. ఆఫీసు పని చేసుకుని మళ్ళీ మట్టిపనా? మీరు అదృష్టవంతులు," అందావిడ. "అవునండీ," అంది తను. ఫోన్ పెట్టేశాక ఆ మాట తనలో ఎక్కడి నుంచి వచ్చిందా అని చాలాసేపు వెతుక్కుంది. ఎవరూ పక్కన నిలబడి కళ్ళెర్రజేయలేదు. నోరు దానంతటదే తెరుచుకుంది, అలవాటైన తలుపులాగా.

తోట చూస్తే టమాటా మొక్కలు సగానికి పైగా ఎండి, తాకితే గలగలమంటున్నాయి. గిడసబారిన ఆఖరి వంకాయలు నాలుగూ మొన్ననే కోసేసింది. ఎండలు తగ్గుముఖం పట్టాయి. నిన్న సాయంత్రం ఒక జల్లు పడి మట్టి వేలికి అంటుతోంది. ఇవాళే పీకి, తవ్వి, ముల్లంగీ పాలకూరా వేసేయాలి. రేపు పొద్దున ఎనిమిదింటికల్లా పళ్ళ డాక్టరు దగ్గర చీటీలు రాసే పనికి వెళ్తే మళ్ళీ ఆదివారం దాకా తీరిక లేదు. అప్పటికి ఈ తడి ఉండదు, నేల పెచ్చు కడుతుంది. ఈ మాట శుక్రవారమే చెప్పింది.

"వారం ఆగితే కొంపేం మునగదు. నీ ముల్లంగి కోసం సారుని రావద్దనమంటావా?" అన్నాడు.

ఆమె మడిలో కూర్చుని మొదటి టమాటా కట్టింది. తొడిమ చుట్టూ దారం రెండు చుట్లు తిప్పి, కొమ్మ గణుపు కింద ముడి దాచింది. రెండోది ఆకు చాటున వేలాడేట్టు కట్టింది. మూడోది కట్టి, వెనక్కి జరిగి చూసింది. అచ్చం కాసినట్టే ఉంది. చూడగానే ఒక్క క్షణం ముచ్చటేసింది, ఆ వెంటనే లోపల ఏదో చల్లబడింది. ఈ పని చేయమన్నందుకు కాదు, ఇంత బాగా చేయగలిగినందుకు. నేర్పేవాళ్ళు లేకుండా ఈ చేయి ఇలా తిరగదు. ఎన్నాళ్ళ సాధన ఇది? డాక్టరు దగ్గర తను చేసే ఉద్యోగాన్ని భర్త నలుగురిలో "ఏదో కాలక్షేపానికి వెళ్తుందిలెండి" అన్నప్పుడు నవ్వింది తనే. ఆ నవ్వుకి కూడా ముడి ఎక్కడా కనబడలేదు.

వెనక వసారాలో కుర్చీలో కూర్చున్న అత్తగారు అంతా చూస్తూనే ఉంది.

"కట్టవే తల్లీ, పొద్దెక్కుతోంది," అంది. "మొగుడి గొప్ప పెళ్ళాం చేతిలోనే ఉంటుంది. మీ మామగారి ఉత్తరాలన్నీ నేనే రాసేదాన్ని, తెలుసా? ఏం దస్తూరీ, ఏం మాటల పొందిక అని అందరూ ఆయన్ని ఒకటే మెచ్చుకోవడం."

"మీరెప్పుడూ చెప్పలేదేం అత్తయ్యా?"

"ఎవరడిగారు?"

ఆవిడ అది నవ్వుతూనే అంది. డెబ్బై నాలుగేళ్ళు ఆవిడకి. కోడలి చేతిలో నాలుగో టమాటా ఉంది. దాన్ని పక్కన పెట్టింది. మొదటి మొక్కను మొదలు దగ్గర రెండు చేతులా పట్టుకుని లాగింది. తడి మట్టిలోంచి వేళ్ళు చిటపటమంటూ వచ్చాయి. కట్టిన కాయలు మూడూ దానికే వేలాడుతున్నాయి. రెండో మొక్క, మూడోది, ఆ తర్వాత లెక్కపెట్టలేదు.

భర్త స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చేసరికి మొక్కలన్నీ గోడవారన కుప్పగా ఉన్నాయి.

"ఏమిటిది? మతుండే చేస్తున్నావా?"

"కాపు అయిపోయింది."

"ఐదింటికి వాళ్ళొస్తున్నారే. నేనేం చూపించను?"

"నాకేం తెలుసు? తోట మీదేనని మీరు చెప్పుకున్నారు. నేను చెప్పలేదు."

అతను బతిమాలుతుందేమోనని చూశాడు. ఆమెకు భయంగానే ఉంది. అయినా గునపం అందుకుంది. భయం పోయాక చేద్దామనుకుంటే ఈ జన్మకి కుదరదని అర్థమైంది. అతను కాసేపు అరిచి, కుర్చీలు సర్దడానికి లోపలికి వెళ్ళిపోయాడు. అత్తగారు మెల్లగా లేచి వచ్చి, కుప్పలోని మొక్క నుంచి దారాలు విప్పి మూడు టమాటాలూ కొంగులో వేసుకుంది. "కూరకి పనికొస్తాయిలే," అంది. కోడలి వైపు చూడలేదు. కానీ వెళ్తూ వెళ్తూ నీళ్ళ బిందె ఆమె చేతికందేలా జరిపింది.

నాలుగింటికల్లా తవ్వడం, చదును చేయడం, విత్తనం చల్లడం అయిపోయాయి. చేతులు కడుక్కుంది కానీ చీర మార్చుకోలేదు.

సారు పెరట్లోకి వచ్చి నల్లటి నేలను చూసి ఆగిపోయాడు.

"తెగులండీ సార్," అన్నాడు భర్త. "రెండ్రోజుల్లో మొత్తం పట్టేసింది. నేనే దగ్గరుండి పీకించేశాను."

"అయ్యో, నిజమేనా అండీ?" అంటూ సారు భార్య ఆమె వైపు తిరిగింది.

తల ఊపడానికి మెడ సిద్ధమైంది. ఆమె దాన్ని ఆపింది.

"తెగులు కాదండీ. పంట అయిపోతే పీకేయాలి, పీకాను. ఈ ఆరేళ్ళూ వేసిందీ పీకిందీ నేనే. మీకొచ్చిన బుట్టలు కూడా నేను కోసినవే."

సారు గొంతు సవరించుకున్నాడు. భర్త గట్టిగా నవ్వాడు. "మా ఆవిడకి వేళాకోళం ఎక్కువ సార్. రండి, ఇటు చూపిస్తాను," అంటూ చేయి చాచి నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"ఆగండి. అక్కడ విత్తనం వేశాను."

అతను ఒక కాలు పైకెత్తాడు. నేలంతా ఒకేలా నల్లగా, తడిగా, చదునుగా ఉంది. మడేదో, మడికీ మడికీ మధ్య జానెడు దారేదో అతనికి తెలియదు. ఎత్తిన కాలు దించబోయి ఆపాడు. పట్టుకోవడానికి పక్కన ఒక్క మొక్కైనా లేదు. సారు భార్య పెదవులు బిగించి గోడ వైపు చూస్తోంది.

"ఎక్కడ పెట్టమంటావు?" అన్నాడు భర్త గొంతు తగ్గించి.

ఈ ఆరేళ్ళలో తోట గురించి అతను ఆమెను అడిగిన మొదటి ప్రశ్న అది. జవాబు ఆమెకు కళ్ళు మూసుకున్నా తెలుసు. కానీ తొందరేముంది? నింపాదిగా ఆలోచించసాగింది.