నీదేం పోయింది

"ఆ కాస్త టీ పెట్టేస్తే నీదేం పోయింది?" అన్నారు అత్తగారు, ఆమె పని నుంచి వచ్చి ఇంకా చెప్పులైనా విప్పకముందే. నిజమే, టీకి పోయేదేముంది! ఆమె చేతులు కడుక్కుని పెట్టేసింది.

పదిహేడేళ్ళుగా ఆ ఇంట్లో ఆమెకి ఆ మాట తోడు. ఆదివారం ఇంకాస్సేపు పడుకుందామంటే, లే, చుట్టాలొస్తున్నారు, నీదేం పోయింది. కుట్టు కార్ఖానాలో సూపర్‌వైజర్ని చేస్తామంటే, వద్దను, ఇల్లెవరు చూస్తారు, నీదేం పోయింది. కార్ఖానాలో మేస్త్రీకి ఎవరు నేర్పారో ఏమో, పక్కమ్మాయి రాని రోజున ఆ మిషనూ నువ్వే తొక్కెయ్, నీదేం పోయింది అనేవాడు. విడివిడిగా చూస్తే ఏదీ పెద్ద విషయం కాదు. అన్నీ కలిపి చూసుకుంటే మాత్రం, అమ్మో, అసలు నేనంటూ మిగిలానా అనిపించేది.

ఇప్పుడు వాళ్ళడిగింది కిడ్నీ.

బావగారికి రెండూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆయన కాలేజీలో నీతిశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. "తనకోసం చేసుకునేది పని, ఎదుటివాడి కోసం చేసేది ధర్మం. స్వార్థం మొదలైన చోట ధర్మం ఆగిపోతుందమ్మాయ్" అని ఆమె వడ్డిస్తుంటే చెప్పేవారు. వినగా వినగా ఆమెకో అనుమానం పుట్టింది. అందరికీ ఎదుటివాళ్ళుంటారు సరే, మరి నేనెవరికి ఎదుటిమనిషిని? అడుగుదామని నోరు తెరిచేలోపు ఆయన మంచినీళ్ళు అడిగేవారు.

ఆమె భర్త ఆయనకి సొంత తమ్ముడు. పరీక్ష చేయించుకోలేదు. "సంపాదించేవాణ్ణి, నాకేమైనా అయితే ఇల్లేం కావాలి? నీదీ అన్నయ్యదీ ఒకటే గ్రూపు. రెండున్నాయిగా, ఒకటిస్తే నీదేం పోయింది?" అన్నాడు, బస్సులో పక్క సీట్లోకి జరగమన్నంత తేలిగ్గా. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, చుట్టాలందరికీ ముందే ఫోన్లు చేసి చెప్పేశాడు. ఆమె జీతంతోనూ ఆ ఇల్లు నడుస్తోందన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

బావగారు చెడ్డవారు కాదు. అదే ఆమె కష్టం. "నువ్వు దేవతవమ్మాయ్" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆమెకీ ఏడుపొచ్చింది. కానీ దేవతని ఇష్టమేనా అని ఎవరడుగుతారు? పరీక్షలకి రమ్మన్నారు, వెళ్ళింది. ఫలితాలకి రమ్మన్నారు, వెళ్ళింది.

డాక్టరమ్మ గదిలోకి ఆమెతోపాటు భర్త కూడా రాబోయాడు. "మీరు బయటుండండి. ఇచ్చేవాళ్ళతో విడిగా మాట్లాడాలి, రూలు" అని డాక్టరమ్మ తలుపు వేసేసింది.

"అన్నీ సరిపోయాయమ్మా. ఒక్కటే అడగాలి. ఇవ్వడం మీకిష్టమేనా?"

ఆమె సరిగ్గా వినబడనట్టు మళ్ళీ అడిగించుకుంది.

"లేదండీ" అంది. "భయం. భయమొక్కటే కూడా కాదు. ఇదొక్కటైనా నాది నాకు ఉండాలనిపిస్తోంది. దీన్నే స్వార్థం అంటారేమో, మా బావగారైతే చెప్పగలరు."

డాక్టరమ్మ నవ్వలేదు. "ఇష్టం లేనివాళ్ళ కోసం మా దగ్గర ఒక దారుంది. మీరు పనికిరారని రాసి పంపించేస్తాం. బయట అదే చెప్తాం. మిమ్మల్ని ఎవరూ పల్లెత్తు మాట అనరు. ఇందులో మీదేం పోయింది?"

ఆమె ఉలిక్కిపడింది. డాక్టరమ్మ మంచికే అంటోంది పాపం. ఆ కాగితం పట్టుకుని బయటికి వెళ్తే అత్తగారు జాలిపడతారు. అయ్యో, ఇద్దామనే అనుకుంది, ఒళ్ళే సహకరించలేదని చుట్టాలంటారు. ఆమె ఎప్పటిలాగే మంచిది అయిపోతుంది. రేపు సాయంత్రం టీ పెడుతుంది.

తలుపు అద్దంలోంచి భర్త వాచీ చూసుకోవడం కనిపించింది. ఆమె కుర్చీని బల్ల దగ్గరికి లాక్కుంది.

"పనికొస్తాననే రాయండి డాక్టరుగారూ. ఇవ్వడం నాకిష్టం లేదని రాయండి."