పచ్చి వెదురు షాపు

నాచారంల నేను పల్లి లడ్డూల షాపు పెట్టిన. లోపలి డిజైనంతా మా ఆడబిడ్డ కూతురు మనస్విని జేసింది. ప్లాస్టిక్ ముక్క గూడ కనబడొద్దన్నది. గోడల పొంటి పచ్చి వెదురు బొంగులు కట్టింది, గుమ్మం పక్కన కొత్త కుండలు పేర్చింది, కింద ఈత సాపలు పరిచింది. మస్తు సల్లగుంది.

కానీ మూడు దినాలాయె, బోణీ కాలె. వచ్చినోళ్లు గుమ్మం కాడ ఆగుతున్నరు, గొంతు తగ్గించి ఏదో అనుకుంటున్నరు, పోతున్నరు. ఏంది కథ? నా మొకం బాలేదా, లడ్డూ బాలేదా? ఒకామె అయితే లోపలికి సూసి దండం పెట్టి పోయింది! నాకు తిక్క లేసింది.

నాలుగో దినం పొద్దుగాల రామంతాపూర్ నుంచి ఒక పెద్దాయన ఆటోల వచ్చిండు. లడ్డూల దిక్కు సూడనే లేదు. వెదురును చేత్తో తడిమిండు.

"పాడెకు రెండు బొంగులు, ఒక కుండ ఇయ్యి బిడ్డా. మా ఇంటామె పోయింది," అన్నడు.

ఇది లడ్డూల షాపని చెప్పబోయిన. ఆయన కండ్లు సూసిన. మనస్విని కట్టిన వెదురు నేనే విప్పి, ఒక కుండ గూడ తీసి ఆటోల పెట్టిన.

ఆయన పైసలు చాపిండు. బోణీ. నా చెయ్యి ముందుకు పోలె, ఎనకకు రాలె.