పోగు కాదు

"పట్టుపోగు పడిండాది, కదలాకు," అంటూ ఈరక్క కొంగు చివర మెలిపెట్టి కోడలు నీలావతి కుడికంట్లోకి తెచ్చింది. పది రోజులుగా పొద్దున్నే ఇదే వరస. కంట్లో సన్నగా ఏదో మెరుస్తుంది, ఎంత తుడిచినా రాదు. ధర్మవరంలో, మగ్గాలున్న ఇంట్లో, కంట్లో మెరిసేది ఇంకేమవుతుంది? నీలావతి కూడా పోగే అనుకుంది.

ఆఖరికి హిందూపురం పోయి చూపిస్తే, అక్కడి డాక్టరమ్మ లైటు వేసి చూసి నివ్వెరపోయింది. "పోగు కాదమ్మా! గ్లాకోమాకని, కంట్లో ఒత్తిడి తగ్గాలని మూడేండ్ల కింద బెంగళూరులో నీ కంట్లో పెట్టిన గొట్టం ఇది. పైపొర అరిగి బయటపడిండాది. చీము పట్టిందంటే చూపు దక్కదు. రెండుసార్లు కోసిన కన్ను, ఉండేదీ అదొక్కటే. దానమిచ్చిన కంటి పొర పైన అతికి కుట్టాల. రేపే బెంగళూరు పో."

భర్త అంజనప్ప అంతా విని, "అచ్చతికేది అయిపోనీ, శుక్రవారం పోదాంలే," అన్నాడు. ఎడమకంటికీ ఇట్లాగే చెప్పాడు. ఈ చీర దిగనీ, పండగ పోనీ అంటూండగానే ఆ కన్ను చీకటైపోయింది. నీలావతికి పోట్లాడే ఓపిక కూడా లేదు. మర్నాడు రెండో మగ్గం దగ్గర కూర్చుని, వేళ్లకు బూడిద రాసుకుని, పాత పడుగు చివర్లకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అచ్చతకసాగింది. వేల పోగులు. పెళ్లయినప్పటి నుంచీ ఈ ఇంట్లో అచ్చతికేది ఆమే. అయినా ఎవరడిగినా అంజనప్ప, "నేసేది నేనే, ఆమె ఇంట్లోనే ఉంటాది," అంటాడు. కన్ను మండుతోంది. బూడిద చేత్తో తుడుచుకోబోయి, భయపడి ఆగింది.

పక్క మగ్గం టక్కున ఆగింది. "పోగు తెగిండాది," అంటూ అంజనప్ప వంగి, వెతికి, అతికాడు. ఒక్క పోగుకు మగ్గమంతా ఆపాడు. నీలావతి అతని వంగిన వీపు వైపు చాలాసేపు చూసింది. ఏడుపు రాలేదు, ఒళ్లంతా అలసటగా ఉంది. లేచి చేతులు కడుక్కుంది. ఆస్పత్రి కాగితాలు, రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. బెంగళూరు ప్యాసింజరుకు ఇంకా గంట టైముంది.

"యాడికి? సగం అతుకు అట్లే ఉండాది, ఎవరు అతుకుతారు?" అంజనప్ప గొంతు పెంచాడు.

ఆమె గడపలో చెప్పులు వేసుకుంటూ అంది: "నీకు రెండు కండ్లుండాయి కదా. నువ్వే అతుకు."