మేస్త్రి జేబులో ఏడు గదులు

నేను ఒక మాత్రల పెట్టెని. అరచేతిలో ఇమిడిపోతాను. లేత నీలం రంగు ఒళ్ళు, వరసగా ఏడు గదులు, ఒక్కో గదికి ఒక్కో మూత, మూత మీద వారం పేరులోని మొదటి అక్షరం. ఆదివారంతో మొదలై శనివారంతో అయిపోతాను. ఇంత చిన్నదాన్ని ఒక మనిషిని నిలబెడుతున్నానని చాలాకాలం మిడిసిపడ్డాను. ఆ మనిషినే చంపబోయానని తెలిసిన రోజు దిమ్మెరపోయాను. ఆ దిగ్భ్రమ ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు.

నా పుట్టుకలో విశేషమేమీ లేదు. కరిగిన ప్లాస్టిక్కును అచ్చులోకి తోస్తే క్షణాల్లో పుట్టాను. నాతోపాటు అదే అచ్చులో మరో ఏడుగురు. మూతలు సరిగా పడుతున్నాయో లేదో ఒక అమ్మాయి టక్కు టక్కుమని ఏడుసార్లు మూసి చూసి సంచిలో పడేసింది. అక్కణ్ణుంచి తణుకులో ఒక మందుల షాపుకు చేరి, దగ్గు మందు సీసాల పక్కన కొక్కేనికి ఏడాదిన్నర వేలాడాను. ఒకావిడ బొట్టుబిళ్ళలు పెట్టుకోవడానికేమో అనుకుంది. ఒకాయన, "ఇదేం పోపులపెట్టండీ, పిడికెడు జీలకర్రయినా పట్టదు" అన్నాడు. మాత్రల కోసమని షాపతను చెబితే, మాత్రలు గుర్తుంచుకోవడానికి కూడా ఒక పెట్టా అని పగలబడి నవ్వాడు. ఆ నవ్విన పెద్దమనిషే మర్నాడు వచ్చి, నిన్న మాత్ర వేసుకున్నానో లేదో గుర్తు రావడం లేదు, ఇవాళ రెండు వేసుకోవచ్చా అని అడిగాడు. విని నేను కొక్కేనికి అలాగే బిగుసుకుపోయాను.

చివరికి నన్ను కొన్నది కనకరత్నం. ఆమె భర్త గెద్దాడ నూకరాజు పెళ్ళిళ్ళకు వండే వంట మేస్త్రి. చుట్టుపక్కల పది ఊళ్ళలో ఆయన చెయ్యి పడకుండా పెళ్ళి భోజనం జరగదు. ఆయనకు షుగరు వచ్చి మూడేళ్ళయింది. మాత్రలు గుర్తొస్తే వేసుకునేవాడు, లేకపోతే లేదు. కాలి బొటనవేలికి తగిలిన దెబ్బ మూడు నెలలైనా మానలేదు. డాక్టరమ్మ ఆ వేలు చూసి, ఇలాగే ఉంటే తీసేయాల్సి వస్తుందని చెప్పింది. అదే పూట కనకరత్నం నన్ను తెచ్చింది. డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. పొద్దున్న మాత్ర టిఫినుతో పాటే వేసుకోవాలి, వేసుకుని ఖాళీ కడుపుతో ఉండకూడదు అని. నూకరాజు బుద్ధిగా తలూపాడు. తలూపడం మనుషులకు ఎంత తేలికో నాకు అప్పటికి తెలియదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో రెండు చిన్న అలవాట్లు మొదలయ్యాయి. ఆదివారం సాయంత్రం కనకరత్నం వాకిట్లో పీట వేసుకుని కూర్చుని నా ఏడు గదులూ నింపేది. ప్రతిరోజూ సాయంత్రం భర్త ఇంటికి రాగానే ఆయన జేబులోంచి నన్ను తీసి ఆ రోజు మూత ఎత్తి చూసేది. ఖాళీగా ఉంటే, "హమ్మయ్య" అని మూసేది. అంతే పని. రెండు నిమిషాలు కూడా పట్టదు. కానీ ఆర్నెల్లు తిరిగేసరికి వేలి పుండు మానింది. ఆయన మునుపటిలా గంటకోసారి నీళ్ళు తాగడం మానేశాడు. రక్త పరీక్ష చూసి డాక్టరమ్మ మెచ్చుకుంది. నూకరాజు నన్ను జేబులోంచి తీసి కనపడ్డ వాళ్ళందరికీ చూపించాడు. నేనూ తక్కువ తినలేదు. నా అంత బాధ్యత గల వస్తువు ఈ జిల్లాలో ఇంకోటి లేదని అనుకునేదాన్ని.

ఇంటి దగ్గర ఉన్నప్పుడు ఆయన మూడు ఇడ్లీలు తింటూ మాత్ర వేసుకునేవాడు. అది నా కళ్ళారా చూసేదాన్ని. పెళ్ళి వంటల రోజున మాత్రం తెల్లవారుజామున మూడింటికే బయల్దేరేవాడు. వంటకు దిగే ముందు మాత్ర మింగి, నన్ను జేబు బనీనులోకి తోసేవాడు. జేబులోంచి నాకు ఏమీ కనిపించదు. గరిటెల చప్పుడు, పోపు ఘుమఘుమ, మనుషుల కేకలు. అంతమందికి వండే మనిషి తాను ఒక ముద్ద తిని ఉండడని నేనెలా అనుకుంటాను? మీరైనా అనుకుంటారా?

అసలు సంగతి ఏమిటంటే, ఆయనకు పని నేర్పిన గురువు ఒక నియమం పెట్టాడు. ఆఖరి పంక్తి లేచేదాకా వంటవాడు మెతుకు ముట్టకూడదు. నూకరాజు పదహారో ఏట ఆ మాట విన్నాడు, యాభై మూడో ఏట కూడా తప్పలేదు. కూర రుచి కూడా చూసేవాడు కాదు. ఆవిరి వాసన పట్టి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేవాడు. ఊళ్ళో అందరూ అందుకే ఆయన్ని గౌరవించేవాళ్ళు. పదకొండు గంటలయ్యేసరికి ఆయన గుండె నా వీపుకు తగిలేలా దడదడ కొట్టుకోవడం చాలాసార్లు విన్నాను. పని హడావుడి అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఆ గురువారం పెనుగొండ దగ్గర ఒక పల్లెలో పెళ్ళి. ఆరు వందల మందికి వంట. ఆరోజు పూర్ణం బూరెలు ఆయనే స్వయంగా వేస్తున్నాడు. నేల తవ్వి పెట్టిన గాడిపొయ్యి మీద బాణలి, బాణలి నిండా సలసల కాగుతున్న నూనె. బనీను తడిసి నేను కూడా చెమటలో నానిపోయాను. ఆయన చేతులు వణుకుతున్నాయని నాకు తెలుస్తోంది.

"అప్పలకొండా, పూర్ణంలో ఉప్పు వెయ్యి" అన్నాడు నూకరాజు.

అప్పలకొండ ఆయన దగ్గర కూరలు తరిగే మనిషి. యాభై ఏళ్ళుంటాయి. ఇరవై ఏళ్ళుగా ఆయన బృందంలోనే ఉంది. "ఉప్పేటండీ, బూరెల్లోనా?" అంది నవ్వుతూ.

"చెప్పింది చెయ్యి! నువ్వెవరు నాకు చెప్పడానికి?" అని ఆయన అరిచాడు. ఆ గొంతు ముద్దగా ఉంది. ఆయన ఆవిణ్ణి పని విషయంలో కసురుతాడు కానీ అలా పిచ్చిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. తర్వాత ఆయన బాణలి మీదికి వంగాడు. వంగి, మళ్ళీ లేవలేదు. ఇంకా ఇంకా వంగుతున్నాడు. నేను జేబులోంచి జారిపోయి పొయ్యి గట్టు మీద పడ్డాను. అప్పుడు చూశాను. కళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ ఆ కళ్ళల్లో మేస్త్రి లేడు. మొహానికీ నూనెకూ మధ్య జానెడు దూరం.

అప్పలకొండ కత్తిపీట వదిలేసి ఒక్క దూకు దూకింది. ఆయన మెడలో తువ్వాలు పట్టుకుని బలం కొద్దీ వెనక్కి లాగింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. పడీ పడగానే లేచి, రొంటిన దోపుకున్న చిన్న మూట విప్పి బెల్లం ముక్క తీసింది. "నోరు తెరవండి మేస్త్రిగారో! నమలండి! ఇటు సూడండి, నన్ను సూసి నమలండి!" అని చెంపలు తట్టింది. ఆయన నమిలాడు. ఆవిడ ఇంకో ముక్క పెట్టింది. కాస్త తెరిపిన పడ్డాక, పళ్ళెంలో వేయించి పెట్టిన బూరెల్లోంచి రెండు తీసి చిదిపి తినిపించింది.

ఇంతలో పెళ్ళికూతురి మేనత్త వచ్చి చూసి గుండెలు బాదుకుంది. "అయ్యయ్యో! దేవుడికి నైవేద్యం పెట్టకుండానే బూరెలు ఎంగిలి చేశారా! ఎంత అపచారం!"

"ఈయన పోతే మీ దేవుడికి బూరెలెవరు ఏత్తారండీ?" అంది అప్పలకొండ, తల కూడా తిప్పకుండా.

గట్టు వేడికి నా గురువారం మూత వంకర తిరిగిపోయింది. దాని నొప్పి కూడా నాకు తెలియలేదు. ఖాళీ కడుపుతో మాత్ర, పక్కన కాగే నూనె, ఇన్నాళ్ళుగా పెళ్ళి పెళ్ళికీ ఇదే తంతు! ఆ మాత్రను ప్రతిసారీ భద్రంగా మోసుకొచ్చి చేతికి అందించింది నేను.

సాయంత్రం డాక్టరమ్మ దగ్గర కనకరత్నం నన్ను చేతిలో పట్టుకుని కొయ్యబొమ్మలా నిలబడింది. "రోజూ మూత ఎత్తి చూశానండి. ఒక్కరోజు కూడా తప్పలేదండి. ఖాళీగా ఉంటే చాలనుకున్నాను" అంది.

డాక్టరమ్మ ఓపిగ్గానే చెప్పింది. "మాత్ర రక్తంలో చక్కెరను కిందికి లాగుతుందమ్మా. కడుపులోకి ఏమీ రాకపోయినా లాగుతూనే ఉంటుంది. మాత్రా తిండీ కలిస్తేనే అది మందు."

ఇంటికి వచ్చాక కనకరత్నం వంటింట్లో కూర్చుని చాలాసేపు ఏడ్చింది. తన కళ్ళతో తానే మోసపోయానని ఆవిడ ఏడుపు. నేను కూడా ఆ మోసంలో భాగస్తురాలినే. సగం అలవాటును చూసి పూర్తి అలవాటని సంబరపడ్డాం ఇద్దరమూ.

పన్నెండు రోజుల తర్వాత మళ్ళీ పెళ్ళి వంట వచ్చింది. కనకరత్నం ఈసారి నన్ను జేబులో పెట్టనివ్వలేదు. క్యారేజీ అడుగు గిన్నెలో నన్ను పెట్టి, పై గిన్నెలో ఇడ్లీలు సర్దింది. ఇడ్లీల గిన్నె తీస్తేగానీ నేను చేతికి దొరకను. ఆ ఏర్పాటు చూసి నా మనసు కుదుటపడింది.

తెల్లవారుజామున గాడిపొయ్యి పక్కన నూకరాజు క్యారేజీ విప్పాడు. ఇడ్లీల గిన్నె తీసి పక్కన పెట్టాడు. నా వంక చూశాడు. మళ్ళీ ఇడ్లీల గిన్నె ఎత్తి నా మీద మూసేయబోయాడు. చావు అంచుదాకా వెళ్ళొచ్చిన మనిషి!

"అదేటండీ, తినండి" అంది అప్పలకొండ.

"వద్దులే. ఇవాళ మాత్రా వద్దు, టిఫినూ వద్దు. ఒక్క పూటకి ఏం కాదు. నలుగురిలో నేను ముందు కూర్చుని తింటే మా గురువుగారి మాట ఏమవుద్ది?" అన్నాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, "అవునూ, ఆరోజు నీ రొంటిన బెల్లం ఎందుకుంది?" అని అడిగాడు.

అప్పలకొండ ఇంకో వంకాయ అందుకుని తరగసాగింది. ఆయన మళ్ళీ అడిగాడు.

"నాకూ షుగరేనండి. నాలుగేళ్ళయింది. కళ్ళు తిరిగినప్పుడు నోట్లో ఏసుకుంటానండి."

"నాలుగేళ్ళా! మరి తినవేం? నిన్నెవరు తినొద్దన్నారు?"

"ఎవురూ అనలేదండి. మీరు ముట్టకుండా మేమెలా తింటావండీ?" అంది ఆవిడ. అందులో నిష్ఠూరం లేదు. "రెండుసార్లు గిన్నెల సాటున పడిపోయానండి. పనిలో నిద్దరోతున్నానని మీరు తిట్టారు. అప్పుడు లెగిసే ఓపిక కూడా లేదండి."

నూకరాజు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ రెండు రోజులూ ఆయనకు గుర్తొచ్చాయి. ఒక రోజున చెంబుడు నీళ్ళు ఆవిడ మొహాన కొట్టించాడు కూడా. ఆయన జేబులోనే ఉండి ఆ తిట్లు నేనూ విన్నాను. ఎంత బద్ధకం మనిషో అని నేను కూడా అనుకున్నాను. ఈ పెట్టెకు సిగ్గు అంటూ ఉంటే ఆ క్షణంలో అది ఏడు గదుల్లోనూ నిండిపోయింది.

"ఇవాళ మాత్ర వేసుకున్నావా?" అన్నాడు నూకరాజు.

"ఆయ్. ఇంటికాడే ఏసుకుని వచ్చానండి."

ఆయన ఒక్క ఉదుటున క్యారేజీ లాగి ఇడ్లీల గిన్నె ఆవిడ చేతుల్లో పెట్టాడు. "తిను. ముందు తిను, తర్వాత మాట్లాడు" అన్నాడు. ఆవిడ నీళ్ళు నములుతుంటే, "తింటావా లేదా!" అని కేక పెట్టాడు. ఆ కేకకు కూరలు కడుగుతున్నవాళ్ళు, అప్పడాలు విప్పుతున్నవాళ్ళు అందరూ లేచి నిలబడ్డారు. ఆయన వాళ్ళందరినీ ఒక్కొక్కరినే చూశాడు. వాళ్ళను అంత పరీక్షగా ఎప్పుడూ చూసి ఉండడు. ఎనిమిది మంది. అందరివీ ఖాళీ కడుపులే.

పెళ్ళివారి పప్పు కోసం పెట్టిన ఎసరు దించేశాడు. చిన్న గుండిగ పొయ్యి మీద పెట్టి, నెయ్యి వేసి, అల్లం, పచ్చిమిరపకాయలు, జీడిపప్పు వేయించి బొంబాయి రవ్వ ఉప్మా చేశాడు. విస్తరాకులు పరిపించి అందరినీ కూర్చోబెట్టి, తానూ వాళ్ళ మధ్యలో కూర్చున్నాడు. మొదటి ముద్ద చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. ముప్పై ఏడేళ్ళ నియమం అంత తేలిగ్గా గొంతు దిగదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుండగానే నోట్లో పెట్టుకున్నాడు. రెండో ముద్ద తిన్నాక నన్ను తెరిచి మాత్ర వేసుకున్నాడు.

అప్పలకొండ ఇడ్లీలు తిన్నా ఉప్మా కూడా వడ్డించుకుంది. వేడికి ఊదుకుంటూ, వేళ్ళు కాల్చుకుంటూ తింటోంది. నూకరాజు ఆవిడ వైపు చూడలేక చూడలేక, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగాడు.

"సరిపోయిందండి" అంది ఆవిడ. "ఇరవయ్యేళ్ళ నుంచీ మీ దగ్గర సేత్తన్నానండి. మీ వంట ఏడిగా తినడం ఇదే మొదలండి" అంది.

ఆయన లేచి గరిటె తీసుకుని ఆవిడ ఆకులో ఇంకొంచెం వేశాడు. అప్పటికి తూరుపు తెల్లబడింది. పెళ్ళివారింట్లో ఇంకా ఎవరూ ఏమీ తినలేదు.