ఆరు కడ్డీలు

ఈశ్వరి తడిచీర పిండి తీగ మీద వేస్తుంటే కాళ్ల కింది బాల్కనీ ఊడిపోయింది. గాజువాక సందులోని ఆ మూడంతస్తుల బిల్డింగు రెండో అంతస్తు నుంచి సిమెంటు పలక, దాంతోపాటు మనిషీ నేల మీదికొచ్చి పడ్డారు.

ముందుగా పరిగెత్తింది సింహాద్రి. కింద వాటాలో ఉంటాడు. ఇళ్ల పనుల్లో కడ్డీలు కట్టే మేస్త్రి. పెళ్లలు ఎత్తి పారేసి ఆమె తల కింద చెయ్యి పెట్టాడు.

"అన్నా, నా కాళ్లున్నాయా? నాకు తెలీటం నేదు," అంది ఈశ్వరి.

కాళ్లున్నాయి. నడుం విరిగింది. కాంట్రాక్టరు కింద రోడ్లు ఊడ్చే పనికెళ్లి ఇద్దరు పిల్లల్ని సాకుతున్న మనిషి. ఇక నడవడం కష్టమని డాక్టరు అన్నట్టు పదింటికి ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది.

పదకొండింటికి బిల్డింగు ఓనరు త్రినాథరావు వచ్చాడు. ఆస్పత్రికి కాదు, ఇక్కడికి. వెనకాల జేసీబీ, లారీ. చేతిలో టైపు చేయించిన కాగితం.

"ఆవిడ బాల్కనీలో నీళ్ల డ్రమ్ములు పెట్టింది, వద్దన్నా వినలేదు. అదే ఇందులో ఉంది. అందరూ సంతకాలు పెట్టండి. పెట్టనోళ్లు సాయంత్రానికి వాటా ఖాళీ చెయ్యండి."

"ఏ డ్రమ్ము బాబూ? అక్కడ మనిషి నిలబడ్డానికే సోటు నేదు గదా!" అంది అప్పాయమ్మ. హార్బరు నుంచి చేపలు తెచ్చి వీధుల్లో అమ్మే ముసలామె.

"నీకెందుకే? వేలిముద్ర వెయ్యి, చాలు."

జేసీబీ తొండం లేచింది. పై వాటా పెయింటరు కూతురు మధులత పరిగెత్తుకొచ్చి అడ్డంగా నిలబడింది. లా చదువుతున్న పిల్ల.

"ఒక్క పెళ్ల కూడా కదపనివ్వకండి! బిల్డింగు బాగోక మనిషికి దెబ్బ తగిల్తే ఓనరు చట్టం ముందు జవాబు చెప్పాల. ఎందుకు పడిందో చెప్పే సాక్ష్యం ఇదే. ఇది లారీ ఎక్కేసిందంటే తప్పు ఈశ్వరి పిన్నిదైపోతాది!"

సింహాద్రి చూపు గోడ మీదే ఉంది. బాల్కనీ ఊడినచోట తుప్పు తిన్న కడ్డీలు పొడుచుకొచ్చాయి. ఆరు. డ్రాయింగులో పన్నెండు. తొమ్మిదేళ్ల కిందట వాటిని కట్టింది తనే. ఇనుము చాలదు బాబూ అంటే, "కడతావా, ఇంకొకణ్ణి పిలవమంటావా?" అన్నాడు త్రినాథరావు. కట్టాడు. తర్వాత అక్కడే వాటా ఇస్తే నోరు మూసుకుని చేరాడు.

ఇప్పుడు నోరు విప్పితే తనూ లోపలికే.

"ఆరే ఉన్నాయి," అన్నాడు. ఎవరికీ వినపడలేదు. పెళ్లల గుట్టెక్కి గొంతు చించుకున్నాడు. "పన్నెండు కడ్డీలుండాల! ఆరే ఏసినాం! ఈ త్రినాథరావు కట్టమన్నాడు, నాను కట్టాను!"

అప్పాయమ్మ వచ్చి అతని రొమ్ము మీద గుద్దింది. "తెలిసుండి మమ్మల్ని దాని కింద పడుకోబెట్టావురా?"

"అవునత్తా."

త్రినాథరావు నవ్వాడు. "విన్నారుగా? తప్పు వాడిదే. ముందు జైలుకెళ్లేది వాడే."

"ఎల్తాను. ఒక్కణ్ణే ఎల్లను," అన్నాడు సింహాద్రి. ఈసారి బాబూ అనలేదు. "కడ్డీలు తగ్గించమన్నోడు, బిల్డింగు సూడకుండా పర్మిషను కాయితం మీద సంతకం ఎట్టిన ఆఫీసరు, అందరం ఎల్దాం. ఈ సందులో నీయి ఇంకో మూడు బిల్డింగులున్నాయి. అయ్యీ నానే కట్టాను. అయ్యీ ఇలాగే ఉన్నాయి!"

అప్పాయమ్మ కొంగు నడుముకి బిగించి గుట్ట మీద చతికిలబడింది. "నీ సంగతి తరవాత సూత్తాను," అని సింహాద్రితో అని జేసీబీ వైపు తిరిగింది. "రా, తియ్యి! ముందు నన్నెత్తి లారీలో ఎయ్యి!"

ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. నైట్ డ్యూటీ దిగిన మగాళ్లు నిద్రకళ్లతోనే వచ్చారు. జేసీబీ డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"ఈళ్ల మీదకి నాను తోలను. నాదీ అద్దికొంపే."

ఎవరో త్రినాథరావు చేతిలో కాగితం లాక్కుని చింపబోయారు. "చింపకండి, అదీ సాక్ష్యమే!" అని అరిచింది మధులత. అప్పాయమ్మ దాన్ని బొడ్లో దోపుకుంది.

ఎస్సై వచ్చాడు. వస్తూనే సింహాద్రి రెక్క పట్టుకున్నాడు.

"ఆయన చెప్పింది రాసుకోండి సార్. ఓనరు మీద కేసేదీ?" అంది మధులత.

"స్టేషన్లో చూద్దాం. దారివ్వండి."

సింహాద్రిని జీపు వెనక కూర్చోబెట్టారు. జీపు పది గజాలు కూడా పోలేదు. మిగతా మూడు బిల్డింగుల్లోంచి జనం పిల్లల్ని చంకనేసుకుని మెట్లు దిగుతున్నారు. సందు నిండిపోయింది. పెళ్లల మీద కూర్చున్నవాళ్లు అక్కడే ఉన్నారు. దిగినవాళ్లు జీపు ముందు నిలబడ్డారు.

"మేవూ సాక్షులమే! మా పేర్లూ రాసుకోండి!"

"ఓనర్ని ఎక్కించండి!"

ఎస్సై హారను కొట్టించాడు. లాఠీ చూపించాడు. ఫోన్లు చేశాడు. మధ్యాహ్నం ఎండ నెత్తి మీదికొచ్చింది. ఒక్కరూ జరగలేదు.

చివరికి ఎస్సై జీపు దిగి చెమట తుడుచుకుంటూ, "ఆ త్రినాథరావు ఎక్కడ?" అన్నాడు.

సింహాద్రి జీపు వెనక బల్ల మీద పక్కకి జరిగి చోటిచ్చాడు.